రోగశాస్త్రమునందలి ఆంగ్లపదములు: మోండా మార్కెట్టు పాఠము



ఈ వ్యాసము ఒక్క మాట యొక్క కథతో ప్రారంభమగుచున్నది. ఆ మాట మీలో ఆరవ తరగతి చదువుచున్న వారికిని తెలిసినదే. తెలిసినదగుట చేతనే అది యొక కుటుంబమును పది దినములు మోసగించెను.

సికిందరాబాదు మోండా మార్కెట్టునందు ఆకుకూరలమ్ముకొని జీవించు ఒక వృద్ధురాలు కలదు. నేను చాల కాలమునుండి ఆమె యొద్దనే తోటకూరయు గోంగూరయు కొనుచుంటిని. ఒక శీతకాలమున ఆమెకు దగ్గు పట్టుకొని మూడు వారములైనను వదలలేదు. ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి ఒక కాగితమిచ్చిరి. ఇంటియందు ఇంగ్లీషు చదువగలవాడు ఎనిమిదవ తరగతి విద్యార్థియగు మనుమడొక్కడే. అతడు కాగితమునందు 'పాజిటివ్' అను మాటను చూచి, అది తన తరగతిలో నేర్చుకొన్న మాటయే యగుటచే, సంతోషముతో "మంచిగనే వచ్చింది, అవ్వా!" అని చెప్పెను. ఆమె మరల ఆసుపత్రికి పోలేదు. పది దినములు యథాప్రకారముగా దుకాణమున కూర్చుండి దగ్గుచు కూరలమ్మెను.

పదునొకండవ దినమున నన్ను చూచి ఆమె, "సారూ, కాగితం మంచిగనే వచ్చిందంటడు మా పిలగాడు. మరి దగ్గు ఎందుకు పోతలేదు?" అని కొంగుముడి విప్పి ఆ కాగితమును నా చేతికిచ్చెను. నేను చదివితిని. క్షయరోగ క్రిములు కనబడినవని దాని యర్థము. ఆ సాయంకాలమే ఆమెను ఆసుపత్రికి పంపితిమి. ఆరు నెలలు క్రమము తప్పక మందులు మ్రింగి ఆమె స్వస్థురాలయ్యెను. ఇంటివారికందరికిని పరీక్షలు జరిగినవి. దైవకృపచే వేరెవ్వరికిని ఆ రోగము సోకలేదు.

ఆ బాలుడు చాల దినములు తలయెత్తి నాతో మాటాడలేదు. కాని విచారించి చూడగా తప్పు వానిది కాదు. 'పాజిటివ్ థింకింగ్' అనగా మంచి యాలోచన యని వానికి నేర్పినది మావంటి ఉపాధ్యాయులమే. ఆ మాటకు ఆసుపత్రియందు వేరొక యర్థము కలదని మేము చెప్పలేదు. ఆ లోపమును కొంతవరకైనను తీర్చుటకే ఈ పాఠము.

1. రెండిండ్ల మాటలు

వైద్యశాస్త్రమున ఇంగ్లీషు కఠినమని మీరు భయపడుదురు. నిజముగా కఠినములైన మాటలు మనకంత హాని చేయవు. పొడవైన మాట కనబడిన వెంటనే "ఇది నాకు తెలియదు" అని యెరిగి ఇతరుల నడుగుదుము. హాని చేయునవి తెలిసినట్లుండు చిన్న మాటలే. అవి బడిలో ఒక యర్థముతోను, ఆసుపత్రిలో మరియొక యర్థముతోను కాపురము చేయుచుండును. వానిని నేను రెండిండ్ల మాటలందును.

'పాజిటివ్' అను మాటనే తీసికొందము. పరీక్ష యనగా ఒక ప్రశ్న. "మేము వెదకుచున్నది ఇందున్నదా?" అని పరీక్ష యడుగును. ఉన్నచో పాజిటివ్, లేనిచో నెగెటివ్. వెదకినది రోగక్రిమియైనచో పాజిటివ్ అనుట చెడువార్త. కావున ఆ మాటను చూచినంతనే సంతోషింపను వలదు, దుఃఖింపను వలదు. ఏమి వెదకిరో ముందు చూడవలెను.

'కల్చర్' అనగా సంస్కృతి యని మీ నిఘంటువు చెప్పును. ప్రయోగశాలయందు కల్చర్ అనగా క్రిములకు ఆహారమును వెచ్చదనమును ఇచ్చి పెంచుట. దీనికి దృష్టాంతము మీ వంటయింటనే కలదు. గోరువెచ్చని పాలలో తోడు వేసి యొక రాత్రి యుంచినచో ఆ తోడునందలి సూక్ష్మజీవులు పెరిగి పాలు పెరుగగును. మీ తల్లి ప్రతిరాత్రియు చేయుచున్నది కల్చరే. క్షయరోగ క్రిమి మిక్కిలి నెమ్మదిగా పెరుగును గనుక దాని కల్చరు ఫలితము తెలియుటకు వారములు పట్టును. 'కల్చర్ రిపోర్టు రాలేదు' అనిన, ఆసుపత్రివారు అలసత్వము చేసిరని యెల్లప్పుడు తలపరాదు. తోడుకొనువరకు పెరుగు కుండను కదలింపము గదా!

'అక్యూట్' అను మాటను మీరు గణితమున లఘుకోణమునకు వాడుదురు. వైద్యమున అక్యూట్ అనగా హఠాత్తుగా వచ్చి త్వరగా ముదురునది. 'క్రానిక్' అనగా బహుకాలము నిలిచియుండునది. చాలమంది క్రానిక్ అనిన తీవ్రమైనదని పొరబడుదురు. ఆ మాట కాలమును తెలుపునుగాని తీవ్రతను తెలుపదు.

'హిస్టరీ' అనిన మీకు అశోకుడును కాకతీయులును స్ఫురింతురు. వైద్యుడు 'హిస్టరీ' యడిగినప్పుడు రోగి యొక్క పూర్వవృత్తాంతమును, 'ఫ్యామిలీ హిస్టరీ' యడిగినప్పుడు తల్లిదండ్రులకును తాతముత్తాతలకును తోబుట్టువులకును వచ్చిన రోగములను తెలుపవలెను. ఈ రెండవదాని విలువ యెంతటిదో ముందు చూడగలరు.

2. మన యూరు సరిదిద్దిన మాట

ఒక్కొక్క మాట తన కడుపులో ఒక పాత పొరబాటును దాచుకొనియుండును. 'మలేరియా' అట్టిది. ఇటలీ భాషలో దాని యర్థము చెడ్డగాలి. చిత్తడినేలల నుండి లేచు దుర్వాయువే ఈ జ్వరమునకు కారణమని పూర్వులు నమ్మిరి. 1880 లో ఫ్రెంచి సైనిక వైద్యుడగు లావెరాన్, అల్జీరియా దేశమున రోగుల రక్తమునందు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. కాని అది ఒక మనుష్యుని నుండి మరియొకనికి ఎట్లు పోవుచున్నదో తెలియలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన చోటు మోండా మార్కెట్టునకు కొలది మైళ్ల దూరమున నున్న బేగంపేట. రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1895 లో సైన్యముతో సికిందరాబాదునకు వచ్చి, దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుట ప్రారంభించెను. మొదట అతడు కోసిన దోమలు ఈ రోగమును మోయని జాతులవి. ఎన్ని కోసినను ఏమియు కనబడలేదు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కలు గల వేరొక జాతి దోమలు లభించినవి. హుస్సేన్ ఖాన్ అను రోగిచేత, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా యిచ్చి, వానిని కుట్టించుకొనజేసెను. 20 ఆగస్టు 1897 నాడు అట్టి దోమ కడుపు గోడలో రంగురేణువులతో గూడిన గుండ్రని కణములు కనబడినవి. అవియే మలేరియా జీవి యొక్క పెరుగుదల దశ. మరుసటి సంవత్సరము కలకత్తానందు పక్షుల మలేరియాపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా సంక్రమించునని రాస్ చూపెను. మనుష్యులయందు అనాఫిలిస్ దోమయే కారణమని అదే సంవత్సరము ఇటలీ శాస్త్రజ్ఞులు స్థాపించిరి. 1902 లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. ఆగస్టు 20 నేటికిని ప్రపంచ దోమల దినముగా ఎన్నబడుచున్నది.

గాలి నిర్దోషి యని తేలినను పేరు మాత్రము 'చెడ్డగాలి' గానే నిలిచిపోయెను. కావున పదము యొక్క పుట్టుక దాని చరిత్రను చెప్పును; శాస్త్రసత్యమును చెప్పునని నమ్మరాదు. 'ఇన్ఫ్లుయెంజా' యును అట్టిదే. నక్షత్రముల ప్రభావముచే ఆ జ్వరము వచ్చునని తలచి ఇటలీవారు పెట్టిన పేరది.

ఇక్కడనే రెండు జంటపదములను నేర్చుకొనుడు. 'పారసైట్' అనునది గ్రీకు మాట. ఒకరి పంక్తిలో కూర్చుండి వారి అన్నము తిని బ్రతుకువాడని దాని మొదటి యర్థము. మన 'పరాన్నజీవి' యును సరిగా అదే చెప్పుచున్నది. 'హోస్ట్' అనగా అతిథికి అన్నముపెట్టు గృహస్థు. రోగశాస్త్రమున పరాన్నజీవికి ఆశ్రయమిచ్చు దేహమే హోస్ట్. పిలువని యతిథి, వద్దనలేని గృహస్థుడు అని జ్ఞాపకముంచుకొన్నచో ఈ రెండును మరువరు.

3. బటానీలు, హమాలీలు

ఇక వంశానుక్రమమునకు సంబంధించిన పదములకు వత్తము. ఎండు బటానీలు గుప్పెడు కొని చూడుడు. కొన్ని నున్నగా గుండ్రముగానుండును. కొన్ని ముడుతలు పడియుండును. బ్రన్ నగరమందలి మఠవాసియగు గ్రెగర్ మెండెల్ ఇట్టి భేదములనే లెక్కించెను. గుండ్రని గింజల జాతిని ముడుతల జాతితో కలిపినప్పుడు మొదటితరమున గుండ్రనివే వచ్చినవి. ఆ తరమును తనలో తాను ఫలింపజేసినప్పుడు ముడుతలవి మరల కనబడినవి. అతని లెక్క గుండ్రనివి 5,474, ముడుతలవి 1,850. దాదాపు మూటికి ఒకటి. ఈ వ్యాసము 1866 లో అచ్చయ్యెను. 1900 వరకు దానిని గుర్తించినవారు లేరు.

మొదటితరమున బయటికి కనబడిన లక్షణము 'డామినెంట్', మన భాషలో బహిర్గతము. దాగియుండి మరల వచ్చినది 'రెసెసివ్', అంతర్గతము. ఇవియును రెండిండ్ల మాటలే. డామినెంట్ అనిన బలమైనదనియు శ్రేష్ఠమైనదనియు తలపరాదు. ఎక్కువమందికి ఉండుననియు తలపరాదు. ఒక్క ప్రతి యున్నను బయటపడునది డామినెంట్. రెండు ప్రతులున్నగాని బయటపడనిది రెసెసివ్. అంతే.

లక్షణమును తెచ్చు ఆ ప్రతికే 1909 లో డెన్మార్కు దేశీయుడగు యోహన్సెన్ 'జీన్' అని పేరుపెట్టెను, మనము జన్యువందుము. జన్యువులు క్రోమోజోములయందుండును. క్రోమోజోము అనగా గ్రీకున రంగుదేహము. రంగుద్రవములను త్రాగి సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనబడును గనుక 1888 లో ఆ పేరు వచ్చెను. మన కణములలో సాధారణముగా 23 జతలు కలవు; ప్రతి జతలో ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చును.

'మ్యుటేషన్' అను మాటను మీ తండ్రులు రెవెన్యూ కచేరీలో వినియుందురు. ఇల్లు చేతులు మారినప్పుడు దస్తరములో పేరు మార్చుటకు అచ్చట మ్యుటేషన్ అందురు. జన్యుశాస్త్రమున దేహపు దస్తరములో అక్షరము మారుట మ్యుటేషన్. అన్ని మార్పులును కీడు చేయవు. 'మందు' అను మాటలో ఒక్క సున్న జారినచో 'మదు' అగును, అర్థము చెడును. కాని 'గుఱ్ఱము'ను 'గుర్రము' అని వ్రాసినను గుఱ్ఱమే నడచును. జన్యువునందును అట్లే.

ఇప్పుడు 'క్యారియర్' అను మాట. మీలో కొందరికది టిఫిను క్యారియరు, మరికొందరికి జీవనోపాధి. మోండా మార్కెట్టు ద్వారమున నిలిచి హమాలీలను చూడుడు. ఒకడు నెత్తిమీద ఉల్లిగడ్డల బస్తా మోసికొని పోవుచున్నాడు. ఆ యుల్లిగడ్డలు వానివి కావు. వాని యింటి కూరలోనికి పోవు. వేరొకరి గుమ్మమున దించివేయును. జన్యుశాస్త్రమునందలి క్యారియర్ అట్టివాడు. ఒక రెసెసివ్ రోగమునకు సంబంధించిన ప్రతిని ఒక్కటి మాత్రమే మోయును. రెండవ ప్రతి సరిగా నుండుటచే తాను సాధారణముగా ఆరోగ్యవంతుడే. కాని ఆ మూటను సంతానమునకు అందింపవచ్చును. క్యారియర్ అనగా రోగి కాడు. ఈ యొక్క వాక్యమును మీ పుస్తకమున మొదటి పుటలో వ్రాసికొనుడు.

4. కొడవలియు జల్లెడయు

ఇంతవరకు చెప్పిన దోమయు బటానీయు ఒక రోగమునందు కలిసికొనినవి. ఇనుపసామానుల దుకాణమున వ్రేలాడు కొడవలిని చూచితిరా? ఇంగ్లీషున అది 'సికిల్'. ఎఱ్ఱరక్తకణములు సహజముగా గుండ్రని బిళ్లలవలెనుండును. 'సికిల్ సెల్ అనీమియా' గలవారికి ప్రాణవాయువు తగ్గినప్పుడు అవి కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొని, భరింపరాని నొప్పిని కలిగించును. దీనికి కారణము హీమోగ్లోబినును తయారుచేయు జన్యువున ఒక్క అక్షరము మారుట. 1910 లో అమెరికాయందు హెరిక్ అను వైద్యుడు ఈ కణములను వర్ణించెను.

కీడు చేయునట్టి ఈ మార్పు తరతరములుగా ఏల నిలిచినది? 1954 లో ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాయందు పరిశోధించి సమాధానము చెప్పెను. ఒక్క ప్రతి గల క్యారియర్లకు తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ కలదు. మలేరియా మెండుగా నుండిన ప్రాంతములలో అట్టివారు ఎక్కువగా బ్రతికి సంతానమును పొందిరి. మనదేశమున అడవులయందు వసించు గిరిజనులలో ఈ జన్యువు హెచ్చుగా కనబడుటకును ఇదియే కారణముగా చెప్పబడుచున్నది. ఒకే మూట ఒకనికి కవచము, ఇద్దరి మూటలు ఒక బిడ్డపై చేరినప్పుడు గుదిబండ.

లెక్క వినుడు. తల్లియు తండ్రియు ఇద్దరును క్యారియర్లైనచో, పుట్టు ప్రతి బిడ్డకును రోగము వచ్చుటకు నాలుగింట ఒక వంతు, క్యారియరగుటకు నాలుగింట రెండు వంతులు, మూట లేకుండ పుట్టుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. దీనినే 'రిస్క్' అందురు. నలుగురు బిడ్డలలో ఒక్కనికే వచ్చునని దీని యర్థము కాదు. నాణెమునకు క్రిందటి యెగురవేత జ్ఞాపకముండదు; ప్రతి కాన్పునకును లెక్క మొదటినుండియే. మొదటి బిడ్డకు రోగము వచ్చినది గనుక ఇక రాదని ధైర్యపడినవారిని నేనెరుగుదును. ఆ ధైర్యము ఒక్క మాటను తప్పుగా గ్రహించుటవలన వచ్చినది.

1 జూలై 2023 నాడు భారత ప్రభుత్వము ఈ రోగ నిర్మూలనమునకై యొక జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. అందు ముఖ్యమైన పదము 'స్క్రీనింగ్'. దీనికి దృష్టాంతము జల్లెడ. పిండిని జల్లించినప్పుడు జల్లెడలో మిగిలినదంతయు రాయి కాదు, నూకయు నుండవచ్చును. మిగిలినదానిని వ్రేళ్లతో ఏరి చూడవలెను. స్క్రీనింగ్ పరీక్షలో తేలినవారందరును రోగులు కారు. మరియొక పరీక్షచే నిర్ధారణ కావలెను. ఆ నిర్ధారణకే 'డయాగ్నసిస్' అని పేరు. వివాహమునకు ముందే ఇట్టి పరీక్ష చేయించుకొనుట వివేకము. క్యారియరని తేలిన కన్యను గాని వరుని గాని దోషిగా చూచుట అవివేకము.

మరియొక మాట, 'ఫౌండర్'. ప్రతి సంవత్సరమును మన పాఠశాల స్థాపకులను స్మరించుచున్నాము. జన్యుశాస్త్రమున ఫౌండర్లనగా ఒక సమూహమునకు మూలపురుషులైన కొలదిమంది. వారి సంతతి తమలో తామే వివాహములు చేసికొనుచు వచ్చినచో, ఆ కొలదిమంది మోసిన మూటలు సంతతియందు తరచుగా కనబడును. 2017 లో మన హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును ఇతర దేశీయులును కలిసి ప్రకటించిన పరిశోధనలో దక్షిణాసియా యందు అట్టి సమూహములు అనేకములున్నవని తేలెను. వారు చూపిన యుదాహరణములలో ఒకటి వైశ్యులది. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకు ఇచ్చు ఒక మందును దేహమునందలి ఒక ఎంజైము కొలది నిమిషములలో విరిచివేయును. వైశ్యులలో కొందరికి ఆ యెంజైము లోపించియుండుట ఇతర సమూహములకంటె హెచ్చు. అట్టివారికి ఆ మందు ఇచ్చినచో, కండరములు త్వరగా కోలుకొనక శ్వాసకు గంటలకొలది యంత్రసహాయము కావలసివచ్చును. ముందే తెలిసినచో వేరు మందు వాడుదురు, అపాయము లేదు. కావుననే మత్తుమందిచ్చు వైద్యుడు ఫ్యామిలీ హిస్టరీ యడిగినప్పుడు, "మా పినతండ్రికి ఆపరేషను తరువాత చాలసేపు మెలకువయు ఊపిరియు సరిగా రాలేదు" అని చెప్పగల బాలుడు ఒక ప్రాణమును కాపాడినవాడగును. ఇది ఒక కులపు గుణదోషముల మాట కాదు. ప్రతి సమూహమునకును తనదైన మూట యొకటి కలదు.

5. పరిశోధన మాటలు

'ట్రయల్' అనిన న్యాయస్థానమున విచారణ. వైద్యమునందు క్లినికల్ ట్రయల్ అనగా విచారింపబడునది మందు. ముద్దాయి మందే కాని రోగి కాడు. న్యాయమైన విచారణకు త్రాసు వలె రెండు తట్టలు కావలెను. ఒక తట్టలో క్రొత్తమందు పుచ్చుకొనువారు. రెండవ తట్టలో పుచ్చుకొననివారు. ఈ రెండవ తట్టకే 'కంట్రోల్' అని పేరు. అదుపు అను మీ యర్థము ఇచ్చట పనికిరాదు. ఎవరు ఏ తట్టలో కూర్చుండవలెనో చీటీలు వేసినట్లు నిర్ణయించుట 'ర్యాండమ్'.

క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిను మందును బ్రిటనులో ఇట్లే తూచి 1948 లో ఫలితమును ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న 55 మందిలో ఆరు నెలలలో మరణించినవారు నలుగురు. మంచమున విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో పదునలుగురు. రెండవ తట్ట లేకుండినచో మందు మేలు చేసినదో, విశ్రాంతి మేలు చేసినదో ఎవరు చెప్పగలరు? 1956 లో మద్రాసున స్థాపింపబడిన క్షయరోగ చికిత్సా పరిశోధన కేంద్రమువారు ఇంటియొద్దనుండి మందులు తినువారిని ఆసుపత్రిలో నుండువారితో పోల్చి చూచి, ఇంటి చికిత్సయు తీసిపోదని 1959 లో చూపిరి. మన మోండా మార్కెట్టు అవ్వ తన యింటనుండి, తన మనుమని కన్నులయెదుట బాగుపడుట కట్టి పరిశోధనలే మూలము.

'ప్లాసిబో' అనగా లాటినున 'నేను సంతోషపెట్టుదును' అని యర్థము. మందువలెనుండి మందు లేని మాత్ర యది. తనకిచ్చినది మందో కాదో రోగికి తెలియనిచో ఆ ట్రయల్ 'బ్లైండ్'. ఇచ్చట గ్రుడ్డితనము లోపము కాదు, పక్షపాతము రాకుండ కట్టుకొన్న గంత. 'కన్సెంట్' అనగా సమ్మతి. తెలియక పెట్టిన వ్రేలిముద్ర సమ్మతి కాదు. కాగితమును తన భాషలో వినిపించుమని యడుగుటకును, ప్రశ్నించుటకును, నడుమ విరమించుటకును రోగికి హక్కు కలదు.

'రిమిషన్' అను మాటను ఖైదీ శిక్ష తగ్గించునప్పుడు వాడుదురు. వైద్యమున రోగచిహ్నములు తగ్గుటయో మాయమగుటయో రిమిషన్. అది సంపూర్ణ స్వస్థత కావచ్చును, కాకపోవచ్చును. ఈ మాటకు మన తెలుగువానితో సంబంధము కలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలిక్ ఆమ్లముపై పరిశోధించుచు, దానికి విరోధులగు మందులను తన సహచరులతో తయారుచేయించెను. వానిలో ఒకటియగు అమినోప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అక్యూట్ లుకేమియాతో మరణోన్ముఖులైన 16 మంది పిల్లలకిచ్చి, పదిమందికి గుణము కనబడినదని 1948 జూనులో ప్రకటించెను. అవి తాత్కాలిక రిమిషనులే. అయినను అంతకుముందు ఆ రోగమునకు మందే లేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు పరమపదించెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. తాత్కాలికమని వ్రాసిన ఆ నిజాయితీయే తరువాతివారికి దారి చూపినది.

6. నేర్చుకొను విధము

ఒక్కొక్క మాటకు నాలుగు గదులు గీయుడు: మాట, బడి యర్థము, ఆసుపత్రి యర్థము, మీ యింటివారికి తెలుగున చెప్పు ఒక వాక్యము. నాలుగవ గది నిండనిచో ఆ మాట మీకు రాలేదన్నమాటయే.

పొడవైన మాటలను చెరుకు కణుపులవలె విరిచి చూడుడు. చివర 'ఐటిస్' ఉన్నచో వాపు: టాన్సిలైటిస్, అపెండిసైటిస్. చివర 'ఈమియా' ఉన్నచో రక్తము: లుకేమియా యనగా తెల్లరక్తము. 'థలసీమియా' యనగా గ్రీకున సముద్రరక్తము; మధ్యధరాసముద్ర తీరవాసులలో మొదట గుర్తింపబడుటచే వచ్చిన పేరు. ముందు 'హైపర్' అనిన అధికము, 'హైపో' అనిన తక్కువ. రక్తమున చక్కెర తగ్గి చెమటలు పట్టినవానికి హైపో యని వ్రాసినదానిని హైపర్ అని చదివి తీపి మాన్పించినచో ప్రాణాపాయము. ఒక్క అక్షరమే గదా యనరాదు. కొడవలి కణమును ఒక్క అక్షరమే చేసినది.

అన్నిటికంటె ముఖ్యమైనది: తెలియనప్పుడు తెలియదని చెప్పుట. ఊహించి చెప్పిన యర్థము తెలియకపోవుటకంటె ప్రమాదకరము.

అభ్యాసము

1. ఒకని మలేరియా పరీక్ష నెగెటివ్ అని వచ్చెను. ఇది శుభవార్తయా? జ్వరము తగ్గనిచో వైద్యుని ఏమి యడుగవలెను?
2. క్యారియరునకును రోగికిని గల భేదమును హమాలి యుపమానము లేకుండ మీ మాటలలో వ్రాయుడు.
3. స్క్రీనింగ్, డయాగ్నసిస్ అను మాటలను ఒకే వాక్యమున ప్రయోగింపుడు.
4. కంట్రోల్ తట్ట లేని ట్రయల్ ఏల న్యాయమైనది కాదు?
5. మీ యింటి మూడు తరముల ఫ్యామిలీ హిస్టరీని పెద్దలనడిగి వ్రాయుడు. దీనిని తరగతిలో చూపనక్కరలేదు, ఇంట భద్రపరచుడు.

ఆ వృద్ధురాలు నేడును మోండా మార్కెట్టున కూర్చుండి కూరలమ్ముచున్నది. ఆమె మనుమడు ఇప్పుడు పదవ తరగతి. వారి వాడలోని వారు ఆసుపత్రి కాగితములను వానియొద్దకు తెచ్చుచున్నారు. మొన్న నేను పోయినప్పుడు ఒకామె తెచ్చిన కాగితమును అతడు రెండుమారులు చదివి, "ఇందులో ఒక మాట నాకు ఎరుక లేదు, అడిగి రేపు చెప్త" అనెను. నేను తోటకూర కట్టలకు పైకమిచ్చి ఏమియు ననక వచ్చితిని. ఈ పాఠమున వాడు పరీక్షయందు కృతార్థుడైనట్లే.